కాడ్ పిల్ల తొలి మేత

చిన్నతనంలో అమ్మ బలవంతాన మింగించిన పసుపుపచ్చని నూనె గుళికల పుణ్యమా అని, కాడ్ అనే చేపకు కాలేయం తప్ప మరో అవయవం ఉంటుందని నాకు చాలాకాలం తోచనేలేదు. దాని శైశవం గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఒక దేశపు తీరమంతా ఆ శైశవం మీదనే ఆధారపడి బతికిందని.

నార్వే ఉత్తరాన లొఫోటెన్ దీవులున్నాయి. ఏటా చలికాలం చివర బారెంట్స్ సముద్రం నుండి కాడ్ గుంపులు గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి. ఒక ఏడు వలలు నిండుతాయి, మరో ఏడు జాలరి ఇంట పొయ్యి వెలగదు. కారణం కనిపెట్టమని 1864లో ప్రభుత్వం జార్జ్ ఒసియన్ సార్స్ అనే యువ శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. చేపల గుడ్లు సముద్రపుటడుగున ఉంటాయని నమ్మిన కాలమది. హెరింగ్ చేప విషయంలో అది నిజం కూడా. కాడ్ గుడ్లు మాత్రం నీటిపైభాగాన తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతాయని సార్స్ చూశాడు.

గుడ్లు తేలతాయి సరే, చేపలెందుకు తగ్గుతున్నాయి? తిమింగిలాలే చేపలను ఒడ్డుకు తరుముతాయనీ, వాటిని చంపడం వల్లనే ఈ కరువనీ జాలరులు నమ్మారు. 1903లో మేహామ్న్ అనే ఊళ్ళో తిమింగిలాల కార్ఖానాను ధ్వంసం చేశారు. మరుసటి ఏడే ఉత్తర తీరంలో తిమింగిలాల వేటను పదేళ్ళపాటు నిషేధించారు. ఆకలి ముందు శాస్త్రం ఎంత మెల్లగా నడుస్తుందో!

అంతకుముందే, 1884 నుండి, దక్షిణాన ఫ్లోదెవిగెన్‌లో కెప్టెన్ డానెవిగ్ కాడ్ గుడ్లను పొదిగించి పిల్లలను సముద్రంలో వదలసాగాడు. విత్తనం ఎక్కువ చల్లితే పంట పెరుగుతుందన్న రైతు తర్కం. నాకైతే అందులో తప్పు కనిపించలేదు, యోహాన్ యోర్ట్ 1914లో రాసినది చదివేదాకా.

యోర్ట్ బృందం చేప పొలుసులపై వలయాలు లెక్కపెట్టి వయసు తెలుసుకుంది. 1904లో పుట్టిన హెరింగులే ఏళ్ళ తరబడి నార్వే వలలను నింపాయని తేలింది. పెట్టిన గుడ్ల లెక్కతో ఈ తేడా వివరించలేము. ఆడ కాడ్ ఒక్కటే లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. రెండు మూడు వారాలకు పొదిగి వచ్చే పిల్ల పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు. కడుపుకింద సొనసంచి కొద్దిరోజులకే ఖాళీ అవుతుంది. ఆ వేళకు నోటికందే దూరంలో కాలనస్ వంటి సూక్ష్మజీవుల పిల్లలు ఉండాలి, లేకుంటే అంతే. లేదా ప్రవాహం దాన్ని పనికిరాని చోటికి కొట్టుకుపోవచ్చు. యోర్ట్ ఊహలు ఈ రెండే.

తరువాతివారు ఆ తొలి మేత ఘడియ ఒక్కటే సర్వస్వం కాదన్నారు. పిల్లలను తినే జీవులూ, నీటి వెచ్చదనమూ లెక్కలోకి వచ్చాయి. ఫ్లోదెవిగెన్‌లో మాత్రం పిల్లలను వదలడం 1971 దాకా సాగింది.