సీఆర్‌పీ: రక్తంలో మంట లెక్క కట్టిన కథ

డ్యూటీ టైములో వినడం కుదరనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్ కథ ఇక్కడ రాస్తున్నాం.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయి కదా. ఊరి నుంచి వాట్సాప్‌లో ల్యాబ్ రిపోర్టు ఫొటోలు వచ్చేవి. సీఆర్‌పీ ఇంత, డీ-డైమర్ ఇంత. అవి చూసి ఇక్కడ మనకు నిద్ర పట్టేది కాదు. మళ్లీ టెస్టు చేయించమని డబ్బులు పంపేవాళ్లం. ఇంతకీ ఆ అంకె ఏం చెప్తుంది?

కథ 1930లో న్యూయార్క్‌లో మొదలైంది. రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు డాక్టర్లు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షిస్తున్నారు. పెన్సిలిన్ ఇంకా మందుగా రాని రోజులవి. న్యుమోనియా బ్యాక్టీరియా నుంచి తీసిన ఒక పదార్థానికి 'సి' అని పేరు పెట్టుకున్నారు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు రోగి సీరంలో దాన్ని కలిపితే తెల్లటి మడ్డి కట్టేది. జబ్బు తగ్గాక అదే మనిషి సీరంలో కలిపితే ఏమీ అయ్యేది కాదు. ఆ మడ్డికి కారణమైన ప్రోటీనే సి-రియాక్టివ్ ప్రోటీన్, అంటే సీఆర్‌పీ.

తర్వాత తెలిసిందేమిటంటే, ఇది ఒక్క న్యుమోనియాకే కాదు, ఒంట్లో ఎక్కడ వాపు, మంట ఉన్నా పెరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు అందితే కాలేయం దీన్ని తయారుచేస్తుంది. కాబట్టి సీఆర్‌పీ వైరస్‌ను కొలవదు, వైరస్ మీద మన ఒళ్లు చేసే యుద్ధాన్ని కొలుస్తుంది. పొగ చూసి మంట పెద్దదో చిన్నదో చెప్పొచ్చు, ఎవరు అంటించారో చెప్పలేం కదా, ఇదీ అంతే.

2020 ఫిబ్రవరి 29న ఖతార్‌లో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. మార్చి 17న ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగం మూసేశారు. అక్కడి హజ్మ్ ముబైరీక్ ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రి అయింది. అదే నెలలో వుహాన్ డాక్టర్లు 191 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఆసుపత్రిలో చేరేటప్పుడే డీ-డైమర్ 1 మైక్రోగ్రాము దాటినవాళ్లకు చావు ముప్పు ఎక్కువని అందులో తేలింది. డీ-డైమర్ అంటే ఒంట్లో గడ్డకట్టిన రక్తం కరిగినప్పుడు మిగిలే ముక్క.

మరి ముప్పు తెలిస్తే చేసేదేంటి? దానికి జవాబు బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఇచ్చింది. 2020 జూన్‌లో డెక్సామెథసోన్ ఫలితం చెప్పారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ లాభమూ కనపడలేదు. 2021లో టోసిలిజుమాబ్ వంతు వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అడ్డుకునే ఇంజెక్షన్ ఇది. ఆక్సిజన్ పడిపోయి, సీఆర్‌పీ 75 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లనే ఆ పరీక్షకు తీసుకున్నారు. మామూలు వైద్యంలో నూటికి 35 మంది చనిపోతే, ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 31 మంది.

ఇక్కడ గమనించండి, అంకె ఒక్కదాన్నే చూడలేదు, దాంతోపాటు ఊపిరి కూడా చూశారు.

మన దగ్గర సెకండ్ వేవ్‌లో ఈ సంగతే మరుగున పడింది. జలుబు చేసినా సీఆర్‌పీ, అంకె కాస్త పెరిగితే స్టెరాయిడ్. 2021 మే 3న ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఇదే హెచ్చరించారు. జబ్బు తేలికగా ఉన్నప్పుడు ఈ టెస్టులు అనవసరంగా భయం పెడతాయని, తొందరపడి స్టెరాయిడ్ వాడితే వైరస్ ఇంకా పెరగొచ్చని చెప్పారు.

కాబట్టి రేపు మీకో, ఊళ్లో అమ్మానాన్నలకో దగ్గు, జ్వరం వస్తే రిపోర్టులో ఎర్ర అంకె చూసి బెదిరిపోకండి. అంకె బాగుంది కదా అని ఆయాసాన్ని వదిలేయకండి కూడా. రిపోర్టు డాక్టరుకు చూపించండి, అంకె చూసి మీ అంతట మీరు స్టెరాయిడ్ కొనొద్దు. రూమ్మేట్‌కు ఊపిరి అందకపోతే ల్యాబ్ కోసం ఆగొద్దు, ఖతార్‌లో 999కి ఫోన్ కొట్టండి.