అద్దె వాటాల ఇల్లు

ఒకే స్థలంలో, ఒకే యజమాని పేరు మీద ఉంటూ, రెండు మొదలుకొని ఆరేడు కుటుంబాలు వేరువేరుగా అద్దెకు ఉండే చిన్న భవనాన్ని అద్దె వాటాల ఇల్లు అంటారు. కోస్తా జిల్లాలలో "వాటా" అనే మాట ఎక్కువగా వినబడుతుంది. హైదరాబాదులో దానినే "పోర్షన్" అంటారు. అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నవారికి నేలలో విభజించని భాగం మాత్రమే దక్కుతుంది. వాటాల ఇంటిలో నేల, గోడలు, డాబా అన్నీ ఒకరివే. మొదటిసారి ఆస్తి కొనే మధ్యతరగతి వారికి ఇటువంటి ఇంటిపై మక్కువ కలగడానికి ముఖ్య కారణం ఇదే. ఈ వ్యాసంలో హైదరాబాదులోని ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని, ఇటువంటి ఇంటిని రుణంతో కొనే పద్ధతి వివరించబడినది.

ప్రాంతం, అద్దెదారులు

ఎర్రగడ్డకు ఆనుకుని ఉన్న సనత్‌నగర్‌లో ఆల్విన్ వంటి కర్మాగారాలు నడిచిన కాలంలో కార్మికుల నివాసాలు చుట్టుపక్కల విస్తరించాయి. సంజీవరెడ్డి నగర్, వెంగళరావు నగర్ గృహనిర్మాణ మండలి కాలనీలుగా మొదలై, తరువాత అంతస్తులు పెరిగిన ప్రదేశాలు. బోరబండ, రాజీవ్ నగర్ వైపు అరవై, ఎనభై, వంద గజాల స్థలాలలో కట్టిన ఇళ్ళు ఎక్కువ. కింద యజమాని, పైన రెండు అంతస్తులలో నాలుగు వాటాలు, ఆపైన డాబా మీద ఒక గది ఉండే ఇళ్ళు ఇక్కడ విరివిగా కనబడతాయి. ఆ గది రేకులదైనా సరే దానిని "పెంట్ హౌస్" అని పిలవడం నగరంలో రివాజు.

ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, ఛాతీ వైద్యశాల, సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి సిబ్బంది, చిరు వ్యాపారులు, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కంప్యూటరు శిక్షణ సంస్థలకు వచ్చే విద్యార్థులు ఈ ప్రాంతపు అద్దెదారులలో ముఖ్యులు. 2017 నవంబరు 29న మియాపూర్ - నాగోలు మధ్య మెట్రో రైలు ప్రారంభమైన తరువాత ఎర్రగడ్డ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎస్.ఆర్.నగర్ స్టేషన్లకు నడిచి వెళ్ళగల దూరంలోని వాటాలను ఐ.టి. ఉద్యోగులు కూడా అడగసాగారు.

విద్యార్థులను మాత్రమే నమ్ముకున్న ఇంటికి ఒక ప్రమాదం కలదు. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ విధించినప్పుడు అమీర్‌పేట పరిసరాలలోని హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. ఊళ్ళకు వెళ్ళే అనుమతి కోసం విద్యార్థులు పోలీసు స్టేషన్ల వద్ద బారులు తీరారు. అద్దె ఆగినా బ్యాంకు వడ్డీ ఆగదు. అప్పట్లో రిజర్వు బ్యాంకు ఆరు నెలల పాటు వాయిదాలు నిలుపుకొనే వీలు కల్పించినా, ఆ కాలపు వడ్డీ అసలుకు చేరింది.

రుణం

గృహరుణం ఎంతవరకు ఇవ్వవచ్చునో రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. 2015 నాటి నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు ఉన్న రుణానికి ఇంటి విలువలో 90 శాతం, 30 నుండి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం గరిష్ఠ పరిమితి. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను ఖర్చులు ఈ విలువలో చేరవు (పది లక్షలకు లోపు ఇళ్ళకు మినహాయింపు ఉన్నది). తెలంగాణలో ఆ ఖర్చులు మొత్తం 6 శాతం ఉండగా 2021 జూలైలో 7.5 శాతానికి పెంచారు. కొత్తగా కొనేవారు తరచుగా మరచిపోయే మొత్తం ఇదే. చేతి డబ్బు అనగా ధరలో పాతిక వంతు మాత్రమే కాదు, దానిపైన ఈ సొమ్ము కూడా.

మరొక విషయం, విలువ అంటే ఎవరు కట్టిన విలువ? అమ్మేవారు చెప్పే ధర ఒకటి, రిజిస్ట్రేషను శాఖ వారి మార్కెట్ విలువ ఒకటి, బ్యాంకు ఇంజనీరు వేసే అంచనా మరొకటి. మంజూరైన ప్లానులో లేని అంతస్తుకు బ్యాంకు ఇంజనీరు సాధారణంగా విలువ కట్టడు. కాబట్టి మూడంతస్తుల ఇంటికి రెండంతస్తుల రుణమే వస్తుంది. ధరలో కొంత భాగం "నల్ల" రూపంలో అడిగే అలవాటు ఇంకా ఉన్నది. స్థిరాస్తి విషయంలో 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోరాదని 2015 జూన్ నుండి ఆదాయపు పన్ను చట్టం చెబుతున్నది. పత్రంలో చూపని సొమ్ముకు రుణమూ రాదు, వివాదం వస్తే రుజువూ ఉండదు. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవారే 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. ఈ నియమం 2013 జూన్ 1 నుండి ఉన్నది.

బ్యాంకు ముందుగా చూసేది రుణం కోరేవారి ఆదాయాన్ని, పాత అప్పుల చరిత్రను. అద్దె ఆదాయానికి రెండవ స్థానమే. 2019 అక్టోబరు 1 నుండి బ్యాంకులు ఇచ్చే కొత్త చర వడ్డీ గృహరుణాలు రెపో రేటు వంటి బయటి కొలమానానికి ముడిపడి ఉన్నాయి. రేటు పెరిగినప్పుడు సాధారణంగా వాయిదా మొత్తం మారదు, గడువు సాగుతుంది. అందువలన పెరుగుదల వెంటనే కంటికి కనబడదు. ఏటా మిగిలిన గడువు ఎంతో బ్యాంకును అడిగి తెలుసుకోవడం మంచిది.

చేతి డబ్బు సమకూర్చుకోవడానికి బంగారంపై అప్పు, చీటీ పాట తెలుగు కుటుంబాలలో అలవాటైన మార్గాలు. చీటీలు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టానికి లోబడి రిజిస్టరు అయి ఉండాలి. నిర్వాహకుల కమీషను పరిమితిని 2019 సవరణలో 5 నుండి 7 శాతానికి పెంచారు. ముందుగా పాడుకున్న చీటీకి మిగిలిన నెలల వాయిదాలు కట్టవలసే ఉంటుంది గనుక అదీ అప్పే. బ్యాంకు లెక్కలో కనబడకపోయినా ఇంటి లెక్కలో దానిని వేసుకోవాలి.

అద్దెతో వాయిదా తీరుతుందా

"అద్దెలే వాయిదా కట్టేస్తాయి" అని మధ్యవర్తులు చెప్పే మాటను కాగితం మీద పరీక్షించవలసి ఉన్నది. ఉదాహరణకు ధర కోటి రూపాయలు, వాటాలు నాలుగు, ఒక్కొక్కదానికి నెలకు 9,000 రూపాయలు అనుకుందాం. రుణం 75 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 సంవత్సరాలు అయితే నెలవారీ వాయిదా సుమారు 65,090 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 53,125 రూపాయలు వడ్డీకే పోతాయి. చేతి నుండి పెట్టవలసినది 25 లక్షలు, రిజిస్ట్రేషనుకు 7.5 లక్షలు, మొత్తం 32.5 లక్షలు.

నాలుగు వాటాల అద్దె నెలకు 36,000. ప్రతి వాటా ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని లెక్కిస్తే సంవత్సరానికి 3.96 లక్షలు వస్తుంది. ఆస్తిపన్ను, నీటి బిల్లు, బోరు మోటారు కరెంటు, సున్నాలు, మరమ్మతులకు 46,000 తీసివేస్తే మిగిలేది 3.5 లక్షలు. వాయిదాలకు కావలసినది 7.81 లక్షలు. అనగా ప్రతి నెలా దాదాపు 36,000 రూపాయలు జీతం నుండి కలపాలి. ఈ అద్దె పూర్తిగా మోయగల రుణం సుమారు 33 లక్షలు, ధరలో మూడవ వంతు మాత్రమే. అద్దెలు ఏటా పెరుగుతాయి, నిజమే. అయినా ఇంత అంతరం పూడడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అంతవరకు కొన్నవారి ఉద్యోగం నిలబడాలి.

పన్ను రాయితీ ఈ లోటును కొంతే తగ్గిస్తుంది. అద్దె నుండి ఆస్తిపన్ను, మిగిలినదానిలో 30 శాతం, రుణంపై వడ్డీ తీసివేయవచ్చు. అప్పుడు వచ్చే నష్టాన్ని జీతం వంటి ఇతర ఆదాయంలో తగ్గించుకొనే పరిమితి 2017-18 నుండి సంవత్సరానికి 2 లక్షలు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ వీలు కూడా లేదు.

లోటు తగ్గించే పాత ఉపాయం, తాము ఒక వాటాలో ఉండి మిగిలినవి అద్దెకు ఇవ్వడం. తాము కడుతున్న అద్దె మిగులుతుంది, ఇంటి మీద కన్ను ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది మరో రూపంలో పరిచయం. అక్కడ రెండు నుండి నాలుగు వాటాల ఇంటిని గృహరుణం కిందనే పరిగణిస్తారు. కొన్నవారు ఒక వాటాలో నివసిస్తే, అర్హులకు ప్రభుత్వ గృహ సంస్థ బీమా ఉన్న రుణం 3.5 శాతం చేతి డబ్బుతోనే లభిస్తుంది. భారతదేశంలో అటువంటి ప్రత్యేక సదుపాయం లేదు.

పత్రాలు, అనుమతులు

కొనదలచిన ఇంటి లింకు పత్రాలు, ఈ.సి., మంజూరైన ప్లాను, నివాసయోగ్యతా పత్రం, ఆస్తిపన్ను రసీదు తప్పక చూడాలి. రిజిస్ట్రేషను చట్టం 22-ఏ కింద నిషేధించిన జాబితాలో ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు ఉంటాయి. 1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టం హైదరాబాదులో వేయి చదరపు మీటర్ల పరిమితి విధించింది. ఆ చట్టం 2008లో రాష్ట్రంలో రద్దయినా, అప్పటికే మిగులుగా ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న భూముల చిక్కు తొలగలేదు.

చిన్న గజాల బస్తీలలో ఇళ్ళు నోటరీ కాగితాల మీదనే చేతులు మారడం కద్దు. నోటరీ కాగితంతో హక్కు బదిలీ కాదు, దానిపై బ్యాంకులు గృహరుణం ఇవ్వవు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో జరిగే అమ్మకం కూడా యాజమాన్యం ఇవ్వదని 2011 అక్టోబరులో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. నోటరీ పత్రాలు ఉన్నవారి క్రమబద్ధీకరణకు తెలంగాణ ప్రభుత్వం 2023 జూలైలో జి.ఓ. 84 జారీ చేసి, 125 గజాల వరకు స్టాంపు సుంకం మినహాయించింది. తక్కువ ధరకు వస్తున్నదని ఇటువంటి ఇల్లు కొన్నవారు, అమ్మేటప్పుడు రుణం అవసరం లేని కొనుగోలుదారు కోసమే వెతకవలసి వస్తుంది.

అనుమతి లేని అంతస్తులను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకాలు 2007 డిసెంబరులోనూ, 2015లోనూ వచ్చాయి. రెండవది హైకోర్టులో చిక్కుకున్నది. మళ్ళీ ఒక పథకం రాకపోదు అనే ఆశతో అదనపు అంతస్తుకు పూర్తి ధర చెల్లించడం తెలివైన పని అనిపించుకోదు. 2024 డిసెంబరు 17న సుప్రీం కోర్టు, నివాసయోగ్యతా పత్రం పరిశీలించిన తరువాతే భవనాలపై రుణాలు ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది.

అద్దెదారులతో ఒప్పందం

కొన్న రోజు నుండి పాత అద్దెదారులకు కొత్త యజమానే బాధ్యుడు. వారు అమ్మినవారి వద్ద ఉంచిన అడ్వాన్సును (హైదరాబాదులో సాధారణంగా రెండు మూడు నెలల అద్దె) ధరలో తగ్గించుకోవాలి. లేనిచో ఖాళీ చేసేటప్పుడు సొంత డబ్బు ఇవ్వవలసి వస్తుంది. ఒక సంవత్సరానికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి గనుక పదకొండు నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఈనాటి వాటాలలో చాలావాటికి వర్తించదు. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు మించిన ఇళ్ళు దాని పరిధిలో లేవు. అటువంటి ఇళ్ళకు ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. నెలవారీ అద్దెదారుకు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి, ఆపైన సివిల్ కోర్టుకు వెళ్ళాలి. సామాను బయట పెట్టించడం, నీళ్ళు కట్టివేయడం చట్టసమ్మతం కాదు.

ప్రతి వాటాకు వేరు కరెంటు మీటరు ఉన్నదో లేదో కొనేముందే చూడాలి. 2024 మార్చి బిల్లుల నుండి అమలైన గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు అర్హత గల అద్దెదారులకు కూడా వర్తించింది. ఒకే మీటరు ఉన్న ఇంటిలో నాలుగు కుటుంబాల వాడకం కలిసి ఆ పరిమితి దాటిపోతుంది, బిల్లు పంచుకొనేటప్పుడు తగవులూ వస్తాయి.