రిజిస్టరులో మా పేరు

మా తాత ఏ దొంగతనమూ చెయ్యలేదు. అయినా పొద్దుగూకితే పోయి హాజరు వేయించుకోవాల్సిందే. ఊరు దాటాలంటే చీటీ కావాల. ఎరుకలోడిగా పుట్టటమే ఆయన చేసిన నేరం.

తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ రోజుల్లో పుట్టిందే. మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో చట్టం రద్దయింది. అలవాటు నేరస్థుల చట్టాలు మాత్రం మిగిలినై.

అనుమానమూ మిగిలింది. ఎక్కడ ఇంటికి కన్నం పడినా పోలీసోళ్లు ముందు మా గుడిసెల్లోకే వచ్చేవాళ్లు. నా చిన్నప్పుడు మా నాయన్ని అన్నం ముందు నుంచి లేపుకుపోయారు. మూడోరోజు వదిలారు. దొంగ వేరేవాడంట! దెబ్బలు మాత్రం మా నాయన వీపు మీదే ఉండిపోయినై.

జైళ్లలో ఊడ్చే పని కింది కులాలకూ, వంట పై కులాలకూ ఇచ్చే తీరుని సుకన్య శాంత అనే పాత్రికేయురాలు బయటపెట్టింది. ఆమె వేసిన కేసులోనే 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నియమాల్ని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది.

పేపరు చదివి వినిపించాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు.

"టేషన్లో నా పేరు రాసుకున్నారే, అది కూడా తీసేశారా అబ్బయ్యా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.