పెట్టె మీద విసుగుతో పుట్టిన సాఫ్ట్‌వేర్

1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి మన పల్లెలకు నేరుగా టీవీ ప్రసారాలు దిగాయి. ‘సైట్’ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలు ఉన్నాయి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ వైపు పల్లెలు హిందీలో విన్నాయి, కర్నూలు, మెదక్ వైపు పల్లెలు తెలుగులో విన్నాయి. ప్రయోగం నడిచింది ఏడాదే. సాయంత్రం ప్రసారం వేళకు పొలంలో ఉండిపోయినవాడికి ఆ రోజు కార్యక్రమం పోయినట్టే.

దాచుకుని చూసే పరికరం లేక కాదు. 1956లోనే అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ వీడియో టేపు యంత్రం తెచ్చింది. కానీ అది స్టూడియోల సొత్తు. ఇళ్లలోకి వచ్చింది 1975లో సోనీ బీటామ్యాక్స్, మరుసటి ఏడు జేవీసీ వీహెచ్ఎస్.

సినిమా కంపెనీలు ఊరుకోలేదు, సోనీని కోర్టుకు లాగాయి. వచ్చిన కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని వీలైనప్పుడు చూడడం తప్పు కాదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. మన కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ కూడా సొంతానికి చేసుకునే రికార్డింగును మినహాయించింది.

1999లో అమెరికాలో టీవో కంపెనీ టేపును తీసేసి హార్డ్‌డిస్కు పెట్టింది. నడుస్తున్న ప్రసారాన్నే ఆపి, మళ్లీ మొదలుపెట్టే వీలు అలా వచ్చింది. అయితే పెట్టె కంపెనీది, షరతులూ కంపెనీవే. దాంతో సొంత కంప్యూటర్‌నే రికార్డరుగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. జర్మనీలో క్లాస్ ష్మిడింగర్ 2000లో అలాంటి వీడీఆర్ రాశాడు. తన కేబుల్ పెట్టె నాసిరకంగా ఉందని విసుగెత్తిన ఐజాక్ రిచర్డ్స్ 2002లో మిత్‌టీవీ మొదలుపెట్టాడు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ విండోస్ మీడియా సెంటర్ తెచ్చి, 2015లో విండోస్ 10తో దాన్ని తీసేసింది. ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టె కోసం పుట్టిన ఎక్స్‌బీఎంసీ అనే మీడియా ప్లేయర్ 2014లో కోడి అని పేరు మార్చుకుంది.

ఇక వీటిలో ఏది ఎంచుకోవాలన్న సంగతి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల వల్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇల్లు ఒకటి పక్కనే ఉన్న రతన్‌పూర్‌లో ఉండి, దూరదర్శన్ తెలుగు చానెళ్లు సప్తగిరి, యాదగిరిల కార్యక్రమాలు దాచుకోవాలనుకుంటే ముందు చూడాల్సింది సిగ్నల్ ఎక్కడిదన్నది. ప్రైవేటు డీటీహెచ్ ప్రసారాలకు తాళం ఉంటుంది, ఏ ఉచిత సాఫ్ట్‌వేరూ దాన్ని తీయదు. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీడిష్‌కు డిష్ గొడుగును జీశాట్-15 ఉపగ్రహం ఉన్న 93.5 డిగ్రీల వైపు, అంటే దక్షిణం నుంచి కాస్త తూర్పుకు తిప్పాలి. కేబుల్‌ను కంప్యూటర్‌లో ఉపగ్రహ ప్రసారాలను అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డుకు తగిలిస్తే, తాళం లేని చానెళ్లను సాఫ్ట్‌వేర్ వెతికి జాబితాలో పెడుతుంది. సెకనుకు 3 మెగాబిట్ల చానెల్ గంటకు 1.35 జీబీ తింటుంది. ఒక టెరాబైట్ డిస్కులో 700 గంటలకు పైగా పడతాయి.

కోడి ఒక్కటే పెట్టుకుంటే రికార్డు కాదు. అది చూపించేది మాత్రమే, పట్టేది వెనకాల నడిచే టీవీహెడ్‌ఎండ్ లాంటి సర్వర్. మిత్‌టీవీలో ఆ రెండు పనులూ ఉన్నాయి, ప్రకటనలను గుర్తించి దాటేసే సదుపాయం కూడా ఉంది, కాకపోతే అమర్చుకోవడానికి ఓపిక కావాలి. ఇవి నడిచే లినక్స్ అలవాటు లేని ఇంటికి విండోస్‌లో నడిచే నెక్స్ట్‌పీవీఆర్ సులువు. పాత కంప్యూటర్, ఫ్రీడిష్ గొడుగు ఉన్నవాళ్లకు టీవీహెడ్‌ఎండ్, కోడి జంట సరిపోతుంది. ప్రైవేటు డీటీహెచ్ వాళ్లు మాత్రం ట్యూనర్ కార్డు కొనకుండా, రికార్డింగు ఉన్న సెట్‌టాప్ బాక్సునే తమ సర్వీసు నుంచి అడగడం మేలు.