తిరిగి వచ్చే గడ్డ: మూత్రాశయ క్యాన్సర్ జీవసూచికల చరిత్ర

ఈ పాఠాన్ని మీరు జగిత్యాల జిల్లా కొడిమ్యాలలో కూర్చుని చదువుతున్నారనుకుందాం. మీ వాడకట్టులో బీడీలు చుట్టే చేతులు మీకు కొత్త కాదు. సిరిసిల్లలో నూలుకు రంగులు అద్దడం గురించీ వినే ఉంటారు. పొగాకు పొగ, కొన్ని కృత్రిమ రంగుల తయారీలో వాడిన రసాయనాలు ఈ పాఠంలోకి వేర్వేరు దారుల్లో వస్తాయి. బీడీ చుట్టడం వల్ల మూత్రాశయ క్యాన్సర్ వస్తుందని ఇక్కడ చెప్పడం లేదు. మనం మాట్లాడేది పొగ పీల్చడం గురించి.

ఈ జబ్బును ప్రత్యేకంగా చదవడానికి కారణం అది తిరిగి రావడం. కొత్తగా జబ్బు బయటపడిన వారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి గడ్డ కండరం దాకా పోకుండా లోపలి పొరల్లోనే ఉంటుంది. మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి దాన్ని కోసి తీస్తారు. అంతటితో పని అయిపోదు. మూడు నెలలకు మళ్ళీ లోపలికి గొట్టం పంపి చూడాలి, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాలి. కొడిమ్యాల రైతుకు ప్రతి పరీక్షా కరీంనగర్‌కో హైదరాబాద్‌కో ప్రయాణం, పోయిన ఒక రోజు పని, తోడుగా మరో మనిషి. కనుక శాస్త్రజ్ఞుల ప్రశ్న ఆ రైతు ప్రశ్న కూడా: ఎవరికి తిరిగి వస్తుందో ముందే తెలుసుకోలేమా?

లోపలికి చూసే గొట్టాన్ని, అంటే సిస్టోస్కోపును, మాక్సిమిలియన్ నిట్జె 1879లో వియన్నా వైద్యుల ముందు ప్రదర్శించాడు. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ అనే ఎర్ర రంగు తయారుచేసే 45 మంది కార్మికులలో ముగ్గురికి మూత్రాశయ గడ్డలు ఉన్నాయని జర్మన్ శస్త్రవైద్యుల సభకు తెలిపాడు. రంగుల పరిశ్రమలో వాడే బీటా నాఫ్తైలమీన్ కుక్కలలో ఈ గడ్డలను పుట్టిస్తుందని విల్‌హెల్మ్ హ్యూపర్ బృందం 1938లో చూపింది. అదే పదార్థం పొగాకు పొగలో కూడా ఉంటుంది. పైన చెప్పిన రెండు దారులు కలిసేది ఇక్కడే.

గడ్డ నుంచి రాలిన కణాలు మూత్రంలో కలుస్తాయి కదా, గొట్టం లేకుండా వాటినే చూస్తే సరిపోదా? జార్జ్ పాపానికొలావ్, విక్టర్ మార్షల్ 1945లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఉద్ధృతమైన గడ్డల కణాలను ఇది బాగానే పట్టుకుంది. నెమ్మదిగా పెరిగే గడ్డల కణాలు మామూలు కణాల్లాగే కనిపించడంతో చాలావరకు తప్పించుకున్నాయి. కణానికి బదులు ప్రొటీన్‌ను వెతికే ఎన్‌ఎంపీ22 పరీక్షకు 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, రాళ్ళు ఉన్నా అది అబద్ధపు గంట కొట్టేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంతవరకు చెప్పిన మూత్ర పరీక్షలు “గడ్డ ఇప్పుడు ఉందా?” అని అడుగుతాయి. “రేపు వస్తుందా?” అన్నది వేరే ప్రశ్న. విద్యార్థులు ఈ రెంటినీ తరచు కలిపేస్తారు. పత్రికల వార్తలైతే దాదాపు ప్రతిసారీ కలిపేస్తాయి.

రెండో ప్రశ్నకు జవాబు దొరికిందని గట్టిగా ఆశపడిన సంవత్సరం 1994. పీ53 అనే ప్రొటీన్ కణకేంద్రకంలో పేరుకుపోవడం ఆ జన్యువు దెబ్బతిన్నదనడానికి గుర్తు. లాస్ ఏంజిలిస్ వైద్యులు మూత్రాశయం పూర్తిగా తొలగించిన 243 మంది గడ్డలను ఈ గుర్తు కోసం పరీక్షించారు. గడ్డ కండరం దాకా చేరకుండా దాని పైనున్న పొరలోనే ఆగినవారిలో, ఐదేళ్ళలో జబ్బు తిరిగి వచ్చింది పీ53 గుర్తు లేనివారిలో 7 శాతానికి, గుర్తు ఉన్నవారిలో 62 శాతానికి. ఇంత తేడా కనబడితే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

నమ్మకాన్ని నిజమైన పరీక్షకు పెట్టారు. గుర్తు ఉన్నవారిని చీటీలు వేసినట్లు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎం-వ్యాక్ అనే నాలుగు మందుల చికిత్స ఇచ్చారు, రెండో గుంపును గమనిస్తూ ఉన్నారు. ఆ పేరులోని మొదటి అక్షరం మెథోట్రెక్సేట్‌ది. భీమవరంలో 1895లో, అంటే రేన్ నివేదిక వెలువడిన ఏడాదే, పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందు అది. ఫలితాలు 2011లో వచ్చాయి. 499 మంది గడ్డలను పరీక్షిస్తే 272 మందిలో గుర్తు కనిపించింది, చీటీకి ఒప్పుకుని చేరినది 114 మందే. మందుల వల్ల లాభం కనబడలేదు. అంతకంటే ముఖ్యంగా, గుర్తు ఉన్నవారికి, లేనివారికి మధ్య 1994లో కనబడిన తేడా కూడా మళ్ళీ కనబడలేదు. చేరినవారు తక్కువ కాబట్టి చికిత్స గురించి తుది తీర్పు చెప్పలేమని వాదించవచ్చు, ఆ వాదనలో బలం ఉంది. సూచిక విషయంలో మాత్రం పాఠం స్పష్టం: ఒకే ఆసుపత్రిలో పాత గడ్డలను వెనక్కి తిరిగి చూసి తేల్చిన అంకె, ముందుకు చూసే పరీక్షలో నిలవలేదు.

ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువు కథ మరోలా నడిచింది. జన్యువులో మార్పు అనగానే కీడనే అనుకుంటాం. కానీ ఈ మార్పు ఉన్న గడ్డలు తక్కువగా తిరిగి వస్తున్నాయని 2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు రాశారు. మార్పు ఉన్నవి నెమ్మదైన గడ్డలేనన్న మాట తర్వాత కూడా నిలిచింది. తిరిగి రావడం విషయంలో మాత్రం ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

మరి వైద్యులు దేన్ని ఆధారం చేసుకున్నారు? 2006లో యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2,596 మంది రోగుల వివరాలతో ఒక పట్టిక ప్రచురించింది. గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి, ఇంతకుముందు ఎంత తరచుగా వచ్చాయి, ఎంత లోతు, ఎంత ఉద్ధృతం, పక్కన చదునైన క్యాన్సర్ మచ్చ ఉందా – ఈ ఆరింటితో మొదటి ఏడాదిలో తిరిగి వచ్చే అవకాశాన్ని 15 నుంచి 61 శాతం దాకా విడదీయగలిగారు. ఇందులో ఒక్క జన్యువూ లేదు. అన్నీ సిస్టోస్కోపు, సూక్ష్మదర్శిని, రోగి పాత కాగితాలు చెప్పేవే.

ఈ పట్టికకూ ఒక పరిమితి ఉంది. అందులోని రోగులలో చాలా కొద్దిమందికే బీసీజీ అందింది. క్షయ నివారణకు మన దేశంలో 1948లో మదనపల్లెలో వేయడం మొదలుపెట్టిన ఆ టీకానే, 1976లో కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ మూత్రాశయంలోకి ఎక్కించి గడ్డలు తిరిగి రావడం తగ్గుతుందని చూపాడు. బీసీజీ అందినవారికి ఈ పట్టిక అసలు కంటే ఎక్కువ ప్రమాదం చూపుతుంది.

అభ్యాసం: ఒక కొత్త మూత్ర పరీక్ష “క్యాన్సర్ తిరిగి వస్తుందో లేదో ముందే చెబుతుంది” అని మీరు వార్తలో చదివారనుకోండి. పీ53 చరిత్రను ఆధారం చేసుకుని, ఆ వార్త రాసినవారిని మీరు అడిగే మూడు ప్రశ్నలను ఒక పేజీలో రాయండి.