హిరో గ్రామపు సముద్రపు కట్ట

జపాను దేశమున, ఒసాకా నగరమునకు దక్షిణముగా, వాకయామా ప్రాంతపు సముద్రతీరమున హిరోగావా అను చిన్న పట్టణము కలదు. 1955లో కొన్ని గ్రామములు కలసి ఈ పట్టణమైనవి. అంతకుముందు తీరమునందలి ఊరిని హిరో గ్రామమనెడివారు. పొరుగున నున్న యువాసాలో రైలు దిగి నడచి పోవు యాత్రికునకు అచ్చట రాజుల కోటలు కానరావు. కనబడునది ఒక మట్టికట్ట. దాని యెత్తు సుమారు 5 మీటర్లు, పొడవు సుమారు 600 మీటర్లు. సముద్రము వైపున పైను చెట్లు, వానికి ముందొక పాత రాతిగోడ కలవు. చూచుట కింతియే. కాని ఆ యూరి చరిత్ర యంతయు ఆ కట్టలోనే యున్నది.

1854 డిసెంబరు 23న అచ్చట భూమి కంపించెను. గ్రామస్థులు మెరకనున్న హచిమన్ ఆలయమునకు చేరి, రాత్రి గడపి, ముప్పు తప్పినదని మరునాడు ఇండ్లకు మరలిరి. ఆ సాయంకాలమే అంతకంటె తీవ్రమైన కంపము పుట్టెను. పిమ్మట సముద్రము ఊరిపై బడెను. సునామీ యను మాట జపాను వారిదే. ‘రేవులోని అల’ యని దాని యర్థము.

ఆ యూరివాడైన హమగుచి గోర్యోకు అప్పుడు 34 ఏండ్లు. వారిది సోయాసాసు తయారుచేయు వర్తక కుటుంబము. తానును అలలో చిక్కి, ఎట్లో మెరక చేరి, వెనుకకు చూడగా చీకటి క్రమ్ముచుండెను. మిగిలినవారికి దారి తెలియదు. ఆయన త్రోవ ప్రక్కనున్న పదికి పైగా గడ్డివాములకు నిప్పు పెట్టించెను. ఆ వెలుగున జనులు దారి పోల్చుకొని ఆలయము చేరిరి.

లఫ్కాడియో హెర్న్ 1897లో ఈ వృత్తాంతమును కథగా వ్రాసెను. అందు కథానాయకుడు కొండపై నివసించు వృద్ధుడు. సముద్రము వెనుకకు పోవుట చూచి, తన పంటకుప్పలను కాల్చి, మంటలార్ప వచ్చిన జనులను రక్షించును. ఈ కథ జపాను పాఠ్యపుస్తకములలో 1937 నుండి పదేండ్లు బాలురకు పాఠమైనది. కథ మనోహరమే, కాని చరిత్ర వేరు. కాలినది నూర్పిడి యైన గడ్డి, కాల్చినది మొదటి అల వచ్చిన పిమ్మట, కాల్చినవాడు యువకుడు.

అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి కలదు. కథ మంటతో ముగియును; గోర్యో పని మంట తరువాతనే మొదలైనది. ఇండ్లు పోయినవారు ఊరు విడిచి పోవ సిద్ధపడుచుండిరి. ఆయన ఆకలిగొన్నవారికి ధాన్యము తెప్పించెను, ఇండ్లు కట్టించెను, రైతులకు పనిముట్లు, జాలరులకు పడవలు సమకూర్చెను. పిదప స్వంత ధనముతో కట్ట మొదలుపెట్టెను. పని చేసినవారు ఆ యూరివారే. వారికి ఏనాటి కూలి ఆనాడే ముట్టెను. అందుచేత కట్ట రేపటి రక్షణయే గాక నేటి కూడు కూడ నయ్యెను. 1855లో ఆరంభమై 1858లో అది పూర్తియైనది.

గోర్యో 1885లో న్యూయార్కులో మరణించెను. 1946 డిసెంబరు 21న మరల సునామీ వచ్చినది. కట్ట పూర్తియై అప్పటికి 88 ఏండ్లు. ఆ కట్ట వెనుకనున్న ఊరు చాలవరకు నిలిచినది. కట్ట యండ లేని పల్లములో నీరు చొచ్చి ప్రాణనష్టము కలిగినది. కట్ట యేమి చేసెనో ఆ రెండు భాగములే చెప్పినవి.

1903 నుండి ఏటేట ఆ యూరివారు సునామీ యుత్సవము జరుపుచున్నారు. పిల్లలు మట్టి తెచ్చి కట్టపై పోయుదురు. 1854 నాటి ఆ దినము జపాను పాత పంచాంగమున పదునొకండవ మాసపు ఐదవ దినము. దానిని స్మరించియే ఐక్యరాజ్యసమితి 2015లో నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినముగా ప్రకటించినది.

1864లో బందరును, 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనలు తుపానుల వలన వచ్చినవి. హిరోను ముంచినది భూకంపము. కారణములు వేరైనను, సముద్రము మరచిపోవుటకు ఎంత కాలమైన నిచ్చునను సంగతి ఇరుతీరములకు ఒక్కటే. ఆపద నాటి సాహసమును లోకము కథగా చెప్పుకొనును. ఆపద గడచిన పిమ్మట నాలుగేండ్లు మట్టి మోయుట కథకు చాలదు. కాని మనుమల తరమును కాచినది అదియే. పిల్లల చేతిలోని ఆ పిడికెడు మట్టికి అర్థమిది.