అతుకు దగ్గర నాలుక

పోలండ్ చిల్లరలో నూరు గ్రోషులు ఒక జ్వొతీ. యాభై గ్రోషుల నాణేనికి అక్కడివాళ్లు ఒకే మాట వాడతారు: ప్యెఞ్జెశెఞ్చొగ్రొషుఫ్క. వాళ్ల లిపిలో దానికి 23 అక్షరాలు, అందులో 11 అచ్చులు. పలికితే మాత్రం ఏడే ముక్కలు: ప్యెఞ్-జె-శెఞ్-చొ-గ్రొ-షుఫ్-క. తగ్గిన నాలుగూ 'ఇ'లే. హల్లుకీ మరో అచ్చుకీ మధ్య పడిన 'ఇ' సొంతంగా పలకదు. ముందున్న హల్లును తాలవ్యం చేసి తప్పుకుంటుంది. ఇది తెలియకే కొత్తవాళ్లు ఈ మాటను సాగదీసి తడబడతారు.

ఈ ముక్కల్ని రాయడానికి మన లిపి చక్కగా అమరుతుంది. మన నోట శ, ష దాదాపు కలిసిపోయాయి. పోలిష్‌లో ఆ తేడా అర్థాన్నే మారుస్తుంది. 'కష' అంటే ఉడికించిన ధాన్యం, 'కశ' ఒక ఆడపిల్ల ముద్దుపేరు. మన బళ్లలో ఉచ్చారణ కోసం పట్టుబట్టే పంతుళ్లంటే నాకున్న గౌరవం ఇలాంటి చోట ఇంకా పెరుగుతుంది.

ఊనిక చివరినుంచి రెండో ముక్క మీద పడుతుంది, ఇక్కడ 'షుఫ్' మీద. ఇంత పొడుగు మాటలో మొదటి ముక్క మీద కూడా తేలికపాటి ఊనిక ఉంటుంది.

అసలు విశేషం మొదటి అతుకులో ఉంది. 'ప్యెఞ్చ్' అంటే ఐదు. వెనక వచ్చేది పది. ఐదు చివరి చకారాన్ని రాతలో ఉంచారు; పంక్తి చివర మాటను విరిచేటప్పుడు కూడా దాన్ని ఐదుతోనే ఉంచుతారు. మామూలు మాటల్లో నాలుక దాన్ని వదిలేసి, ఞకారం నుంచి నేరుగా 'జె'కు దూకుతుంది. అరవైలోనూ అంతే: 'షెశ్చ్'కు పది చేరేసరికి చకారం పోతుంది, శకారం నాదం పుంజుకుంటుంది. ఈ ప్యెఞ్చ్, సంస్కృత పంచ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఆ పదీ మన దశకు చుట్టమే. తెలుగు యాభైది వేరే వంశం. కానీ అక్కడా ఏను, పది కలిసి ఏబది అయి, అరిగి యాభై అయింది. మనం రాతను నోటి వెంట నడిపించాం, పోలిష్‌వాళ్లు పాత అతుకును కాగితం మీద కాపాడుకున్నారు. చదవడం నేర్చుకునే పిల్లలకు మన పద్ధతి సుఖం. మాట పుట్టుక వెతికేవాడికి వాళ్లది మేలు.

గ్రోషుతో కలిసే రెండో అతుకు ఇలా అరగలేదు. పదికీ గ్రోషుకీ మధ్య 'ఒ' అనే అచ్చు కూర్చుంది. ఆవిరి బండిని 'పరొవుస్' అన్నప్పుడు పర, వుస్‌ల నడుమ నిలిచేదీ ఇదే. హల్లు హల్లును ఒరుసుకోదు గనక రాలేదేమీ లేదు: 'చొ', 'గ్రొ' రెండూ నిండుగా వినిపిస్తాయి.